ఉన్న కాళ్లను చూసి ఆట నేర్పిన రహీం సాబ్

దగ్గరికి జరుగుండ్రి. చిన్నోడా, ఆ మొద్దు కొంచెం లోపలికి నూకు, మంట మంచిగ అందుకుంటది. చలి బాగనే ఉన్నది ఇయ్యాల. పెద్దోడు పొద్దుగాల నన్నొక మాట అడిగిండు. "తాతా, కోట్లు పోసి ఆటగాళ్లను కొంటరు, పేరున్న కోచ్‌ను తెస్తరు, అయినా ఎందుకు ఓడుతరు?" అని. మంచి మాటనే అడిగిండు. దానికి జవాబు చెప్పాలంటే మిమ్మల్ని డెబ్బై ఏండ్లు ఎనకకు, మన చాదర్‌ఘాట్ బడి దాక తీస్కపోవాలె. కూసోండ్రి మరి, తొందరేం లేదు.

ముందుగాల మీకు ఎరుకైన ముచ్చటనే చెప్త. మాంచెస్టర్ యునైటెడోళ్లు 2024 నవంబర్‌ల రూబెన్ అమోరిమ్‌ను కోచ్‌గ తెచ్చుకున్నరు కదా. ఆయన ఆషామాషీ మనిషి కాదు. పోర్చుగల్‌ల స్పోర్టింగ్ క్లబ్బును రెండుసార్లు లీగ్ గెలిపించినోడు. ఆయన ఆటకు ఎనక ముగ్గురు బ్యాకులు కావాలె, రెండు పక్కల ఇద్దరు పిల్లలు ఈ కొస నుంచి ఆ కొసకు తొంభై నిమిషాలు ఉరుకుతనే ఉండాలె. కానీ ఆ క్లబ్బుల ఉన్నోళ్లను అంతకుముందు తెచ్చింది నలుగురు బ్యాకుల ఆటకు. వింగుల ఆడేటోళ్లకు జాగ లేకపాయె. అట్ల ఉరికేటోళ్లేమో చేతుల లేకపాయె. ఆ ఏడు ఇరవై జట్లల్ల 15వ జాగల నిలవడ్డరు, యూరోపా లీగ్ ఫైనల్ల టోటెన్‌హామ్ చేతుల ఓడిండ్రు. ఆటగాళ్లకు ఆట రాక కాదు, కోచ్‌కు తెలివి లేక కాదు. ఒకరికొకరు కుదరలేదు, గంతే.

మన పట్నంల ఒక పెద్దమనిషి ఉండె. ఈ కుదురుడు అనే ముచ్చటను ఆయన లెక్క అర్థం చేసుకున్నోళ్లను నేను చూడలేదు, వినలేదు. సయ్యద్ అబ్దుల్ రహీం. అందరు రహీం సాబ్ అనేటోళ్లు. ఆయన మీద 'మైదాన్' అని హిందీ సినిమా కూడ వచ్చింది 2024ల, మీరు చూసిండ్రు. సినిమా సినిమానే. నేను జెప్పేది ఆయన పని ఎట్ల చేసిండ్రో ఆ ముచ్చట.

1909ల ఇక్కడనే పుట్టిండ్రు. ఉస్మానియాల చదివి బడిపంతులు అయిండ్రు. కాచిగూడ బడి, దారుల్ ఉలూం, చాదర్‌ఘాట్ హైస్కూల్, గిట్ల ఎన్నో బడులల్ల చెప్పిండ్రు. ఎనక వ్యాయామ విద్యల డిప్లొమా కూడ తీసుకున్నరు. 1943 నుంచి చచ్చిపోయేదాక హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘానికి సెక్రటరీ ఆయననే. సిటీ పోలీస్ జట్టుకు కోచ్ ఆయననే. దేశం జట్టుకు కోచ్ కూడ ఆయననే. ఇన్ని చేసినా లోపల మాత్రం పంతులే. మంచి పంతులు పుస్తకం తెరిసే ముందు తరగతిల ఎవరెవరు కూసున్నరో చూస్తడు. రహీం సాబ్ ఆటల కూడ గదే చేసిండ్రు.

అప్పటి ఆట ఎట్లుండెనో మీకు తెల్వదు. సికింద్రాబాద్, బొల్లారం, తిరుమలగిరి దిక్కు తెల్లోళ్ల పటాలాలు ఉండేటివి. ఆటను తెచ్చింది వాళ్లే. వాళ్లవి పెద్ద పెద్ద కాళ్లు, ఎత్తైన మనుషులు, కాళ్లకు బూట్లు. బాల్‌ను ఎనక నుంచి పైకి లేపి పొడుగ్గ కొట్టేది, ముందటోడు భుజంతోని నూకి తలతోని గుద్దేది. మనోళ్లు సన్నటోళ్లు. తిండి అంతంత మాత్రమే. శానమందికి బూట్లు లేవు, ఒట్టి కాళ్లతోనే ఆట. మనోళ్లకు వచ్చింది బాల్‌ను కాలికి అంటిపెట్టుకొని ఇద్దరు ముగ్గురిని దాటుకుంట పోవుడు. చూడనీకి బాగుంటది, చప్పట్లు పడుతయి. గోల్ మాత్రం పడదు. దాటుకుంట దాటుకుంట పోయి నాలుగోని దగ్గర బాల్ ఇడిసిపెట్టేటోళ్లు.

రహీం సాబ్ ఇదంత చూసిండ్రు. తెల్లోళ్ల పొడుగు ఆటను మనోళ్ల నెత్తిన పెడితే ప్రతి గుద్దుకు మనోడే కింద పడుతడు. ఒక్కొక్కడు తన సొంత ఆట ఆడితే జట్టే ఉండదు. మరి మనోళ్లకు ఏమున్నది? చురుకు ఉన్నది, బాల్ మీద పట్టు ఉన్నది, ఒకరినొకరు చిన్నప్పటి నుంచి ఎరిగిన దోస్తానా ఉన్నది. గందుకే చిన్న పాసుల ఆట పెట్టిండ్రు. బాల్ నేల మీదనే ఉండాలె. వచ్చిన బాల్‌ను వచ్చినట్టే పక్కోనికి ఇయ్యాలె. ఇచ్చినోడు నిలవడి చూడొద్దు, ఖాళీ జాగకు ఉరకాలె. ఎత్తు లేనోనికి, బరువు లేనోనికి ఇంతకంటే సరిపడే ఆట ఇంకోటి లేదు.

గని ఆట ఎంచుకుంటే సరిపోదు బిడ్డా, ఆ ఆటకు పిల్లలు తయారు కావాలె. గిక్కడనే రహీం సాబ్ గొప్పతనం ఉన్నది. చేతుల సంఘం ఉండె కదా, కొత్త తీరు పోటీలు పెట్టిండ్రు. ఒక పోటీల డ్రిబ్లింగ్ బంద్. ఇంకొక పోటీల నీకు చేతగాని కాలుతోనే ఆడాలె. కుడికాలోడు ఎడమకాలుతోని, ఎడమకాలోడు కుడికాలుతోని.

నేను గా ఆట ఆడిన పిల్లగాన్నే. మా నాయిన లాలాగూడ రైల్వే వర్క్‌షాపుల పనిచేసేటోడు. బడి అయిపోయినంక డ్రిల్ మాస్టర్ మమ్మల్ని మైదానంల నిలవెట్టి, "కుడికాలు తగిలిందంటే ఫౌలే" అని విజిల్ ఊదేది. ఎడమకాలుతోని తంతే బాల్ ఒక దిక్కు, నేనొక దిక్కు. బొటనవేలు వాచి నెత్తురు గడ్డ కట్టేది. ఇంటికొచ్చి పసుపు పెట్టుకుంటుంటే మా అమ్మ తిట్టేది. కొన్ని రోజులు పోయినంక నాకొక సంగతి తెలిసొచ్చింది. చేతగాని కాలుతోని ఎవ్వన్ని దాటలేవు కదా, బాల్ రాకముందే తలెత్తి చూసుడు అలవాటైతది. నావోడు ఏడ ఉన్నడు, వాళ్లోడు ఏడ ఉన్నడు అని. నేను పెద్ద ఆటగాన్ని కాలేదు గని, ఆ చూపు మాత్రం నా కాళ్లకు వచ్చింది. పట్నంల బడి బడికి, గల్లీ గల్లీకి అట్లాంటి పిల్లలు తయారైండ్రు. జట్టుకు ఎవ్వన్ని పిలిచినా వాడు అప్పటికే సగం పాఠం నేర్చుకొని వచ్చేటోడు.

గందుకే సిటీ పోలీస్ జట్టు అట్ల వెలిగింది. బొంబాయిల రోవర్స్ కప్పు అని ఉండె. దేశంల పెద్ద పెద్ద జట్లన్ని వచ్చేటివి. 1950 నుంచి 1954 దాక, అయిదేండ్లు వరుసగ, ఆ కప్పు మన పోలీసోళ్లదే. 1950ల డ్యూరండ్ కప్పు ఫైనల్ల కలకత్తా మోహన్ బగాన్‌తోని పడ్డది. మొదటి ఆట 1-1 సమానం, మళ్లీ ఆడితే 1-0 మనది. ఆ జట్టుల గొప్ప గొప్ప ఆటగాళ్లు ఉండె, కాదనను. గని ఇంకో సంగతి చూడాలె. వాళ్లందరికి పోలీస్ శాఖల కొలువు ఉండె. నెలకు జీతం వచ్చేది, ఇల్లు గడిచేది. అవే మొఖాలు ఏండ్ల తరబడి ఒకే కోచ్ చేతి కింద ఆడినయి. ఆ జట్టుల ఆడిన నూర్ ఏడికి ఉరుకుతడో అజీజ్‌కు ఎరుకే, అజీజ్ బాల్ ఎట్ల ఇస్తడో ముందటోళ్లకు ఎరుకే. ఇప్పటి లెక్క ఏడాదికొకసారి జట్టంత మారితే కోచ్ ఎంత గొప్పోడైనా ఏం చేస్తడు?

1951ల ఢిల్లీల మొదటి ఆసియా ఆటలైనయి. రహీం సాబ్ దేశం జట్టును పట్టిండ్రు. ఫైనల్ల ఇరాన్ మీద 1-0. మేవాలాల్ కొట్టిండు గోల్. బంగారు పతకం మనది. పట్నంల మిఠాయిలు పంచిండ్రట అప్పుడు.

ఏడాదికే దెబ్బ పడ్డది. 1952ల హెల్సింకి ఒలింపిక్స్. యుగోస్లావియా మన మీద పది గోల్స్ కొట్టింది, మనం కొట్టింది ఒక్కటే. అదే కోచ్, శానమట్టుకు అదే జట్టు. మరి ఏమైంది? అక్కడ చలి, తడి మైదానం, ఎదురుంగ బూట్లేసుకున్న బలమైన మనుషులు. మనోళ్లల్ల శానమంది ఒట్టి కాళ్లు. ఇక్కడ ఎండిన నేల మీద బాల్‌ను మెత్తగ పట్టిన కాళ్లు అక్కడ జారినయి. ఆటకు ఆటగాడు కుదిరితే చాలదు, నేలకు, వానకు, ఎదుటోని బలానికి కూడ కుదరాలె. ఆ ఓటమి తర్వాతనే మన దేశంల బూట్లు తప్పనిసరి చేసిండ్రు. రహీం సాబ్ పిల్లల ఒంటి బలం మీద, ఉరుకుడు మీద, బూట్లతోని బాల్ పట్టుడు మీద మళ్ల మొదటి నుంచి పనిచేయించిండ్రు.

గా రోజులల్లనే హంగరీ జట్టు ప్రపంచం కండ్లు తెరిపించింది. 1953ల వెంబ్లీకి పోయి ఇంగ్లండును 6-3తోని కొట్టిండ్రు. వాళ్ల సెంటర్ ఫార్వర్డ్ హిడెగ్‌కుటి ముందట నిలవడలేదు. ఎనకకు జరిగి మధ్యల ఆడిండు. ఇంగ్లండు బ్యాక్‌కు వానెంట పోవాల్నా, జాగల్నే ఉండాల్నా అర్థం కాలే. అందరు ఆ ఆట చూసి నోరు తెరిసిండ్రు. రహీం సాబ్ మాత్రం, మనోళ్లల్ల ఇట్ల ఆడేటోళ్లు ఎవరున్నరని చూసిండ్రు. చిన్న పాసులతోని పెరిగిన పిల్లలకు ఈ జాగలు మార్చుకునే ఆట కొత్త కాదు. ఎవడో దూరదేశపోడు ఆడిండని మన నెత్తిన రుద్దలేదు ఆయన. మనకు అప్పటికే ఉన్న దానికి అది తోడైతదా లేదా అని చూసి తీసుకున్నరు.

ఇగ తులసీదాస్ బలరాం ముచ్చట జెప్త. మన సికింద్రాబాద్ పక్కన అమ్ముగూడ పిల్లగాడు. పేద ఇల్లు. బూట్లు కొననీకి పైసలు లేక, పోలీసోళ్ల పాత బూట్లు పట్టుకపోయి చెప్పులు కుట్టేటాయనతోని ఫుట్‌బాల్ బూట్లు చేయించుకున్నడు. వాని ఆట రహీం సాబ్ కంట్ల పడ్డది. పట్నం వచ్చి ప్రాక్టీసు చెయ్యిమన్నరు. రోజు అంత దూరం నుంచి ఎట్ల వస్తడు? సైకిల్ కిరాయకు తీసుకొమ్మని ఆ కిరాయ పైసలు రహీం సాబే ఇచ్చిండ్రు. ఆలోచించుండ్రి. ఒక బడిపంతులు, తన జేబుల నుంచి. ఎందుకంటే ఆ పిల్లగాడు ఎడమ దిక్కు ఆడగలడు, మధ్యల ఆడగలడు, పాస్ ఇయ్యగలడు, గోల్ కొట్టగలడు. జాగలు మార్చుకునే ఆటకు అట్లాంటోడు ఒక్కడు దొరికితే నలుగురి పని జరుగుతది. ఆ సంగతి ఆయనకు ఎరుకే.

1956ల మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌కు పోయినప్పుడు ఆ జట్టుల మన పట్నపోళ్లు ఎంతమందో. అజీజ్, నూర్, బలరాం, జుల్ఫికరుద్దీన్, ఇంకా శానమంది. గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ కూడ ఈడ పుట్టినోడే. కలకత్తా నుంచి పీకే బెనర్జీ, బద్రు బెనర్జీ. బొంబాయి నుంచి నెవిల్ డిసౌజా. మనతోని ఆడాల్సిన హంగరీ ఫుట్‌బాల్ జట్టు పోటీ నుంచి తప్పుకున్నది. సీదా క్వార్టర్ ఫైనల్. ఎదురుంగ ఆస్ట్రేలియా, వాళ్ల ఊర్ల, వాళ్ల జనం ముందట. డిసెంబర్ 1 నాడు 4-2తోని కొట్టినం. నెవిల్ ఒక్కడే మూడు గోల్స్. ఒలింపిక్స్ ఫుట్‌బాల్‌ల హ్యాట్రిక్ కొట్టిన మొదటి ఆసియా మనిషి వాడే. సెమీస్‌కు చేరిన మొదటి ఆసియా దేశం మనదే.

సెమీస్‌ల మళ్లీ అదే యుగోస్లావియా. మొదటి గోల్ మనోడే కొట్టిండు, నెవిల్. ఎనక వాళ్లు నాలుగు కొట్టి గెలిచిండ్రు. కంచు పతకం ఆటల బల్గేరియా చేతుల 0-3. నాలుగో జాగ మనది. నాలుగేండ్ల కింద మన మీద పది గోల్స్ కొట్టినోళ్ల మీదనే ముందుగాల గోల్ కొట్టి నిలవడ్డరంటే, ఆ నాలుగేండ్లల్ల జరిగిన పని ఎంతనో మీరే అర్థం చేసుకోండ్రి. అదే ఏడు, ఆ మరుసటి ఏడు సంతోష్ ట్రోఫీ కూడ హైదరాబాద్‌దే.

ఇగ అసలు ముచ్చట. 1962, జకార్తా. ఆసియా ఆటలు. బీడీ ముక్క ఆరిపోయింది, ఆ కొరివి ఇటియ్యి... ఆఁ. ఇను.

మొదటి ఆటనే ఓడినం. దక్షిణ కొరియా 2-0తోని కొట్టింది. వాళ్లు అప్పటికే రెండుసార్లు ఆసియా కప్పు గెలిచినోళ్లు. ఎనక థాయిలాండ్‌ను 4-1తోని కొట్టినం గని, ఆ ఆటల జర్నైల్ సింగ్ తలకు పెద్ద దెబ్బ తగిలింది. జర్నైల్ ఎవరనుకున్నరు? మన జట్టుకు ఎనక గోడ. పంజాబోడు, ఆజానుబాహుడు. వాడు ఉంటే ఎదుటోళ్లకు దారి దొరకదు. జపాన్ మీద ఎట్లనో 2-0తోని బయటపడ్డం. సెమీస్ వచ్చింది. నుదుటికి కుట్లున్న మనిషిని ఎనక పెడితే, ఎదుటోడు ఎగిరొచ్చి తల కొట్టినప్పుడు ఏంగాను? వాడు లేకపోతే జట్టు సగమైతది.

వేరే కోచ్ అయితే వాన్ని బెంచి మీద కూసోబెట్టేటోడు, లేకపోతే ఏదైతే అదైతదని పాత జాగల్నే దింపేటోడు. రహీం సాబ్ వాన్ని ముందటికి, సెంటర్ ఫార్వర్డ్‌గ దింపిండ్రు. జర్నైల్ కాలేజీ రోజులల్ల ముందట ఆడినోడేనని అంటరు. ఆ సంగతి ఆయన యాద్ పెట్టుకున్నరు. ఎనక వాని జాగను అరుణ్ ఘోష్‌కు అప్పజెప్పిండ్రు. అరుణ్ బాల్‌ను తెలివిగ ఆడేటోడు, గుద్దులాటకు పోడు. ఇప్పుడు మొత్తం ఆట ఎట్ల మారిందో చూడుండ్రి. పీకే కుడి దిక్కు, బలరాం ఎడమ దిక్కు, కెప్టెన్ చునీ గోస్వామి మధ్యల చిన్న పాసులు. వీళ్ల ముందట కొండ లెక్క జర్నైల్. ఎదుటి బ్యాకులు ఇద్దరు ముగ్గురు వాన్ని పట్టుకోనీకి పోతే మిగిలిన ముగ్గురికి జాగ దొరికింది. మన ఏపీ పోలీస్ యూసుఫ్ ఖాన్ ముందుకు, ఎనకకు రెండు దిక్కుల పనిచేసేటోడు. సెమీస్‌ల దక్షిణ వియత్నాం మీద 3-2. చునీ రెండు కొట్టిండు, జర్నైల్ ఒకటి.

ఫైనల్ సెప్టెంబర్ 4 నాడు. మళ్లీ దక్షిణ కొరియానే. లక్ష మంది జనం, అందరు మనకు ఎదురే. ఎందుకంటే ఇండోనేషియా ఆ ఆటలకు ఇజ్రాయెల్‌ను, తైవాన్‌ను రానియ్యలేదు. మన దేశపు పెద్దమనిషి, ఒలింపిక్ కమిటీల ఉన్న సోంధీ అది తప్పని అన్నడు. దాంతోని అక్కడి జనానికి మన మీద కోపం వచ్చింది. మన ఎంబసీ మీద దాడి చేసిండ్రు. బస్సుల పోయేటప్పుడు మన ఆటగాళ్లు కిటికీలకు కనవడకుంట కింద కూసున్నరట. మన జాతీయ గీతం మొదలైతే జనం అరుపులు. పాకిస్తాన్ హాకీ జట్టోళ్లు మాత్రం మన దిక్కు చప్పట్లు కొట్టిండ్రని ఆడినోళ్లే ఎనక చెప్పుకున్నరు.

రహీం సాబ్‌కు అప్పటికే ఆరోగ్యం బాగలేదు. ఊపిరితిత్తుల క్యాన్సర్. ముందటి రాత్రి పిల్లలను కూసోబెట్టుకొని, రేపు నాకొక బహుమతి కావాలె, బంగారం తెచ్చియ్యుండ్రని అడిగిండ్రట. ఉర్దూల మాట్లాడితే కండ్లల్ల నీళ్లు తెప్పించేటోళ్లని ఆయనతోని ఆడినోళ్లు చెప్పేది.

జ్వరమొచ్చి ఇన్ని ఆటలు బయటున్న తంగరాజ్ ఫైనల్‌కు తిరిగొచ్చిండు. ఆట మొదలైన 17వ నిమిషంల పీకే ఒక గోల్. 20వ నిమిషంల జర్నైల్ ఒక గోల్. అవును, తలకు కుట్లున్న బ్యాకే. ఎనక కొరియా ఒకటి కొట్టింది గని, అప్పటికి ఆట అయిపోవస్తుండె. 2-1. బంగారం మనది. మాకు ఇక్కడ తెల్లారినంక తెలిసింది. మా నాయిన పేపర్ పట్టుకొని లాలాగూడ సందులల్ల ఇల్లిల్లు తిరిగి చదివి వినిపించిండు. ఆయనకు ఫుట్‌బాల్ ఏం తెల్వదు. గని బలరాం మన దిక్కు పిల్లగాడు, యూసుఫ్ మన పిల్లగాడు, రహీం సాబ్ మన పంతులు.

1963 జూన్ 11 నాడు రహీం సాబ్ కాలం చేసిండ్రు. యాభై నాలుగు కూడ నిండలేదు. ఆసియా ఆటల ఫుట్‌బాల్‌ల బంగారం మనకు మళ్లీ రాలేదు. 1970ల బ్యాంకాక్‌ల కంచు వచ్చింది, దానికి కెప్టెన్ కూడ మన హైదరాబాద్ నయీముద్దీనే. గంతే, ఆ తర్వాత పతకమే లేదు.

ఆయన పాఠం మాత్రం కొన్నాళ్లు బతికింది. జకార్తాల గోల్ కొట్టిన పీకే బెనర్జీ ఎనక పెద్ద కోచ్ అయిండు. 1977ల పెలే తన న్యూయార్క్ కాస్మోస్ జట్టుతోని కలకత్తాకొస్తే, మోహన్ బగాన్ వాళ్లతోని 2-2 చేసింది. ఆ బగాన్‌కు కోచ్ పీకే. రెండు గోల్స్‌ల ఒకటి కొట్టింది మన హైదరాబాద్ హబీబ్. రహీం సాబ్ దగ్గర నేర్చినోడు కోచ్, రహీం సాబ్ పట్నంల పెరిగినోడు ఆటగాడు.

నడుమంత్రంల మళ్లీ ఒక మంచి కాలం చూసినం. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిల గోవాల ఐఎస్ఎల్ కప్పు గెలిచింది. స్పెయిన్ కోచ్ మానోలో మార్కెజ్ పెద్ద పేర్ల కోసం చూడలేదు. ఉరికే వయసు పిల్లలను తీసుకున్నడు. ఆకాశ్ మిశ్రా, ఆశిష్ రాయ్ లాంటోళ్లు. వాళ్ల కాళ్లకు సరిపడే ఆట పెట్టిండు, ముందట గోల్ కొట్టే ఒగ్‌బెచే ఉండె. ఎనక కోచ్ పోయిండు, పైసల తిప్పలు వచ్చినయి, జట్టు చెదిరింది. రెండేండ్లకే అదే పేరున్న జట్టు లీగ్‌ల అందరికంటే కింద నిలిచింది. జెర్సీ మీద పేరు అదే ఉంటే ఏం ఫాయిదా, లోపలి కుదురు పోయినంక?

పెద్దోడా, నువ్వు అడిగినదానికి ఇదే నా జవాబు. ఏ కోచ్‌నైనా తూకం వేసేటప్పుడు ముందు మూడు సంగతులు చూడు. ఉన్న ఆటగాళ్లను చూసి ఆట ఎంచుకున్నడా? తన ఆటకు కావల్సిన పిల్లలను తయారు చేసుకోనీకి ఆయనకు ఏండ్లు ఇచ్చిండ్రా? ఆటగాడు దెబ్బతిన్న రోజు ఆట మార్చే ధైర్యం ఉన్నదా? రహీం సాబ్‌కు మూడు ఉండె. ఇందుల రెండోది కోచ్ చేతులది కాదు, మన చేతులది. బడి మైదానాలల్ల ఇండ్లు కట్టుకొని, పిల్లలకు ట్యూషన్ తప్ప ఆట లేకుంట చేసి, ఎనక విదేశాల నుంచి కోచ్‌ను తెస్తే వాడు ఎవరితోని ఆడిస్తడు? మీ బడిల ఆట పీరియడ్ తీసేసిండ్రని చిన్నోడు మొన్న చెప్పిండు కదా. రేపు మీ నాయిన బడికి పోయి మాట్లాడుతడు, నేను కూడ పోత. మీరు కూడ మీ దోస్తుల నాయినలతోని చెప్పుండ్రి. మైదానం మిగిలిన ఊర్లల్లనే ఆటగాళ్లు పుడుతరు.